పని నేర్చుకునే పిల్లకు పూచీ ఎవరు?

పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఈ పుస్తకం ముందు పేజీల్లో వచ్చాయి కాబట్టి అవి మళ్ళీ చెప్పం. ఈ సంవత్సరం మన మండల సమాఖ్య నెలవారీ సమావేశాల్లో అప్పుల తర్వాత ఎక్కువగా నడిచిన మాట ట్రైనింగుల మాట. ఏ గ్రామ సంఘం లీడరు లేచినా "మా ఊరి పిల్లలకు ఏదైనా ట్రైనింగు ఉందా?" అని అడుగుతున్నారు. ఇంకోపక్క ట్రైనింగు పేరు చెప్పి పిల్లల్ని బండెక్కించుకుపోయే వాళ్ళు కూడా ఊళ్ళలోకి బాగానే వస్తున్నారు. అందుకని పని నేర్పించే వ్యవహారం మీద సర్కారు అజమాయిషీ ఎప్పుడు మొదలైంది, ఎట్లా మారుతూ వచ్చింది, అందులో ఆడపిల్ల ఎక్కడుంది అనేది చదివి, అడిగి తెలుసుకుని రాస్తున్నాం.

చట్టాలు లేని రోజుల్లో పని నేర్చుకోవడం అంటే ఇంటి పని కిందే లెక్క. కమ్మరి కొడుకు కొలిమి దగ్గర, వడ్రంగి కొడుకు బాడిస దగ్గర పెరిగేవాడు. బయటి పిల్లవాడైతే మేస్త్రీ దగ్గర పనిలో పెట్టేవాళ్ళు. తిండి పెడతారు, పండక్కి బట్టలు ఇస్తారు, జీతం మాట ఉండదు. ఎన్నేళ్ళకు పని వచ్చినట్టు అనేది మేస్త్రీ నోటి మాట. ఆడపిల్లకైతే అసలు మేస్త్రీ అనేవాడే లేడు. మగ్గం ఇంట్లో కండెలు చుట్టేది, ఆసు పోసేది ఆడవాళ్ళే. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మమ్మ గారి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టి దానికి "లక్ష్మి" అని ఆమె పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అంత పని చేసిన తల్లుల్ని మాత్రం ఎవరూ పనివాళ్ళని రాసుకోలేదు. "ఇంట్లో సాయం చేస్తది" అన్నారు.

మన దేశంలో పని నేర్చుకునే వాళ్ళ మీద మొదటి చట్టం ఇంగ్లీషు వాళ్ళ కాలంలో 1850లో వచ్చింది. అనాథ పిల్లలు, ధర్మం మీద పెరిగే పేద పిల్లలు ఏదో ఒక వృత్తి నేర్చుకుని బతకాలని ఆ చట్టం పెట్టారు. పదేళ్ళు దాటి పద్దెనిమిది లోపున్న పిల్లను గానీ పిల్లవాణ్ణి గానీ తండ్రి లేక సంరక్షకుడు కాగితం రాసి యజమానికి అప్పగించవచ్చు. ఏడేళ్ళకు మించకూడదు. తల్లిదండ్రులు వదిలేసిన పిల్లలైతే మేజిస్ట్రేటే సంరక్షకుడిగా ఉండి రాసి ఇవ్వవచ్చు. ఒక రకంగా ఇది మంచిదే, మొదటిసారి నోటి మాట పోయి కాగితం వచ్చింది. ఆ చట్టంలోనే ఇంకో మాట ఉంది. ఒప్పందం మగపిల్లవాడికైతే ఇరవై ఒకటో ఏడు దాటకూడదు, ఆడపిల్లకైతే పెళ్ళి దాటకూడదు అని రాశారు. అంటే పిల్లకు పెళ్ళి అయ్యిందంటే నేర్చుకోవడం అయిపోయినట్టే. ఆ రోజుల్లో ఆడపిల్లలకు పెళ్ళి ఏ వయసులో చేసేవాళ్ళో మన అమ్మమ్మల్ని అడిగితే చెప్తారు. పదో ఏట మొదలుపెట్టమని చట్టం అంటే, పదకొండో ఏట ముగించమని ఇల్లు అనేది. ఈ చట్టం నూట పదేళ్ళకు పైగా, 1961 దాకా ఉంది.

మధ్యలో 1931లో కార్మికుల పరిస్థితి మీద రాయల్ కమిషన్ నివేదిక ఇచ్చింది. అమృత్‌సర్ తివాచీ షాపుల్లో, మద్రాసు రాజధానిలోని బీడీ ఖార్ఖానాల్లో చిన్న పిల్లలు ఎట్లా పనిచేస్తున్నారో అందులో రాశారు. తండ్రి అడ్వాన్సు తీసుకుంటాడు, పిల్ల పనికి పోతుంది, అడ్వాన్సు తీరదు, పిల్ల తిరిగి రాదు. ఆ నివేదిక తర్వాత 1933లో పిల్లల శ్రమను తాకట్టు పెట్టడం చెల్లదని చట్టం చేశారు. అటువంటి ఒప్పందం చేసిన తండ్రికి యాభై రూపాయలు, చేయించుకున్న యజమానికి రెండు వందల రూపాయల దాకా జరిమానా పెట్టారు. పని నేర్పిస్తామనే మాట వెనక అప్పు దాగి ఉంటుందని సర్కారు ఒప్పుకున్నది అప్పుడే. అప్పు సంగతి మన సంఘాల వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు మనం చూస్తున్న ఐటీఐల కథ రెండో ప్రపంచ యుద్ధం నుంచి మొదలవుతుంది. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులకు బతుకుతెరువు చూపించడానికి 1945లో కేంద్రంలో ఒక డైరెక్టరేట్ పెట్టారు. 1950లో వృత్తి శిక్షణ పథకం కింద దేశమంతటా యాభై దాకా సంస్థలు మొదలయ్యాయి. అవే ఐటీఐలు. 1956 నవంబర్ 1న వాటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు అప్పగించారు. సరిగ్గా అదే రోజు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం పుట్టింది. సిలబస్, పరీక్ష, సర్టిఫికెట్ ఢిల్లీ చేతిలో, బడి నడపడం రాష్ట్రం చేతిలో అనే ఏర్పాటు అప్పటి నుంచీ ఉంది. పరీక్షలు చూడడానికి జాతీయ మండలి ఒకటి ఏర్పడింది. దానినే తర్వాత ఎన్‌సీవీటీ అన్నారు. ఇప్పటికీ పాత సర్టిఫికెట్ల మీద ఆ పేరే ఉంటుంది.

ఐటీఐ తలుపులు ఆడపిల్లలకు మూయలేదు. కానీ ఏ తలుపు తెరిచారో చూడాలి. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్ళ కోర్సులు, ఆ సర్టిఫికెట్ ఉంటే రైల్వేలో, విద్యుత్తు శాఖలో, ఫ్యాక్టరీల్లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆడపిల్లలు ఎక్కువగా చేరింది కటింగ్ అండ్ సూయింగ్, డ్రెస్ మేకింగ్, ఎంబ్రాయిడరీ, స్టెనోగ్రఫీ లాంటివాటిలో. కుట్టు కోర్సులు ఒక్క ఏడాదివి. అవి నేర్చుకున్న పిల్ల ఎక్కువగా ఇంటికే వచ్చి మిషను పెట్టుకుంటుంది. కుట్టు పనిని మేం తక్కువ చేయడం లేదు, మన సభ్యుల్లో ఎంతమందికి అదే అన్నం పెడుతున్నదో తెలుసు. కానీ ఒక కోర్సు పక్కన జీతం ఉంది, ఇంకోదాని పక్కన ఇల్లు ఉంది. ఈ పంపకం ఎవరో ఒకరు కూర్చుని చేసింది కాదు, అయినా ఇన్నేళ్ళు అట్లాగే సాగింది.

1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. దీని గురించి కొంచెం వివరంగా చెప్తాం, ఎందుకంటే ఇప్పటికీ ఉన్నది ఇదే. పధ్నాలుగేళ్ళు నిండినవాళ్ళు అప్రెంటిస్‌గా చేరవచ్చు. ప్రమాదం ఉన్న పరిశ్రమలకైతే పద్దెనిమిది ఏళ్ళు నిండాలని తర్వాత మార్చారు. యజమానికీ నేర్చుకునేవాళ్ళకూ మధ్య కాంట్రాక్టు రాసుకోవాలి. మైనరైతే తల్లో తండ్రో సంతకం పెట్టాలి. ఆ కాంట్రాక్టును అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనే ప్రభుత్వ అధికారి దగ్గర రిజిస్టరు చేయించాలి, ఇప్పుడైతే పోర్టల్‌లో చేస్తారు. నెలనెలా స్టైపెండ్ ఇవ్వాలి. పీసుకు ఇంత అని లెక్క కట్టి ఇవ్వకూడదు. అధికారి ఒప్పుకోకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. ట్రైనింగుకు సంబంధం లేని పని చెప్పకూడదు. పని చేస్తుంటే దెబ్బ తగిలితే నష్టపరిహారం యజమానే ఇవ్వాలి. చివర పరీక్ష పెట్టి జాతీయ సర్టిఫికెట్ ఇవ్వాలి. మధ్యలో యజమాని మాట తప్పితే నేర్చుకునేవాళ్ళకు పరిహారం కట్టాలి.

ఇన్ని మంచి మాటల పక్కన ఒక చేదు మాట కూడా ఉంది. అప్రెంటిస్ అంటే నేర్చుకునే మనిషే గానీ కార్మికులు కాదని ఆ చట్టమే చెప్తుంది. అంటే కార్మిక చట్టాలు వాళ్ళకు వర్తించవు. ఆరోగ్యం, భద్రత గురించిన నిబంధనలు మాత్రం వర్తిస్తాయి. ట్రైనింగు అయిపోయాక ఉద్యోగం ఇవ్వాలని కూడా లేదు. దీని మీద చాలా ఏళ్ళు కోర్టుల్లో తగాదాలు నడిచాయి. ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, మిగతా అర్హతలు సమానంగా ఉంటే బయటివాళ్ళకన్నా శిక్షణ పొందిన అప్రెంటిస్‌కే ముందు అవకాశం ఇవ్వాలని చెప్పింది.

1975లో అత్యవసర పరిస్థితి పెట్టినప్పుడు ఇందిరాగాంధీ గారి ఇరవై సూత్రాల్లో చివరి సూత్రం ఈ అప్రెంటిస్‌షిప్‌ను పెంచడం గురించే. మన పెద్దవాళ్ళకు ఆ కాలం అనగానే వేరే సంగతులు గుర్తొస్తాయి గానీ, ఇది కూడా అందులో ఉంది. దానికి రెండేళ్ళ ముందే, 1973లో చేసిన సవరణతో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అప్రెంటిస్ స్థానాల్లో రిజర్వేషన్ వచ్చింది. ఆడపిల్లలకు మాత్రం ఈ చట్టంలో ప్రత్యేకంగా వాటా రాయలేదు.

2014లో పెద్ద మార్పు జరిగింది. అంతకుముందు చట్టాన్ని ఉల్లంఘించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు అనే నిబంధన ఉండేది. దాన్ని తీసేసి జరిమానా మాత్రమే ఉంచారు. పెట్టుకోవాల్సిన సంఖ్యలో ఒక అప్రెంటిస్ తగ్గితే మొదటి మూడు నెలలు నెలకు 500, తర్వాత నెలకు 1000 రూపాయలు. పని గంటలు నిర్ణయించే హక్కు కూడా యజమానికే ఇచ్చారు. జైలు భయం ఉంటే కంపెనీలు అప్రెంటిస్‌లను తీసుకోవడానికే జంకుతున్నాయని సర్కారు వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ పెద్ద కంపెనీకి వెయ్యి రూపాయలు ఒక లెక్కా? మన సంఘంలో వాయిదా తప్పిన సభ్యురాలు ఇంతకన్నా ఎక్కువ ఇబ్బంది పడుతుంది. 2019 నిబంధనల ప్రకారం ముప్పై మంది లేక ఆపైన పనివాళ్ళున్న సంస్థ, మొత్తం సిబ్బందిలో రెండున్నర శాతం నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను తప్పనిసరిగా పెట్టుకోవాలి. చదువును బట్టి కనీస స్టైపెండ్ నెలకు 5000 నుంచి 9000 రూపాయలని అప్పుడు పెట్టారు.

ఇంతవరకు చెప్పినదంతా గేటు, హాజరు పట్టీ, జీతాల బిల్లు ఉన్న చోట సంగతి. గేటు లేని చోట ఏమవుతుందో నర్సాపురం లేసు చెప్తుంది. గోదావరి ప్రాంతంలో పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు ఆడవాళ్ళకు లేసు అల్లకం నేర్పారు. తర్వాత తల్లి నుంచి కూతురికి వచ్చింది. దారం వ్యాపారి ఇస్తాడు, ఏజెంటు ఇంటికి తెస్తాడు, అల్లినదానికి పీసు లెక్కన డబ్బులు. అల్లిన లేసు సముద్రాలు దాటి వెళ్ళేది. జర్మనీ నుంచి వచ్చిన మరియా మీస్ అనే ఆమె ఆ ఊళ్ళలో తిరిగి 1982లో పుస్తకం అచ్చువేశారు. అందులో ఆమె చూపించింది ఏమిటంటే, రోజంతా అల్లుతున్న ఆ ఆడవాళ్ళను అందరూ గృహిణులు అంటున్నారు, ఖాళీ టైములో ఏదో చేసుకుంటున్నారు అంటున్నారు. పనివాళ్ళే కాకపోతే ఇంక వాళ్ళకు పని నేర్పే పద్ధతి మీద అజమాయిషీ ఎక్కడిది? 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. వస్తువుకు సర్టిఫికెట్ వచ్చింది, సంతోషమే. అల్లే చేతికి ఇంకా రావాలి.

ఇక మన సంఘాల దారిలో వచ్చిన ట్రైనింగులు. 1979 ఆగస్టు 15న ట్రైసెమ్ అనే పథకం వచ్చింది, గ్రామీణ యువతకు స్వయం ఉపాధి శిక్షణ. డీఆర్‌డీఏ చూసేది. ఊళ్ళోనే చెయ్యి తిరిగిన పనివాడి దగ్గర పెట్టి నేర్పించి స్టైపెండ్ ఇచ్చేవాళ్ళు. మన పెద్ద సభ్యుల్లో ఇద్దరు ముగ్గురు దాని కింద కుట్టు నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళు నవ్వుతూ చెప్పే సంగతి ఒకటుంది. ఊళ్ళో ఉన్న జాకెట్లు ఎన్ని, కుట్టు నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది అని లెక్క చూస్తే నేర్చుకున్నవాళ్ళే ఎక్కువట. ఎంతమందికి నేర్పామనేదే అప్పట్లో లెక్క. నేర్చుకున్నాక ఏం చేస్తున్నారో అడిగే రిజిస్టరు లేదు. 1982లో డ్వాక్రా వచ్చింది. 1992లో దూబగుంట సారా ఉద్యమం తర్వాత మన దగ్గర సంఘాలు ఎట్లా పెరిగాయో అందరికీ తెలుసు. 1999లో ట్రైసెమ్, డ్వాక్రా అన్నీ కలిపి ఎస్‌జీఎస్‌వై చేశారు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈజీఎంఎం పెట్టి ఊరి పిల్లలను ట్రైనింగుతో పాటు ఉద్యోగం దాకా తీసుకెళ్ళే పద్ధతి మొదలుపెట్టారు.

2014లో వచ్చిన డీడీయూ-జీకేవై నిబంధనల్లో పాత గుణపాఠాలు కనిపిస్తాయి. ట్రైనింగు ఉచితం, వసతి, భోజనం, యూనిఫాం అన్నీ సంస్థే చూడాలి. మూడో వంతు ఆడపిల్లలు ఉండాలి. వయసు 15 నుంచి 35, ఆడవాళ్ళకైతే 45 దాకా. వేలిముద్ర హాజరు, సీసీ కెమెరాలు పెట్టాలి. కనీసం డెబ్బై శాతం మందికి ఉద్యోగం చూపించాలి. సంస్థకు డబ్బు ఒకేసారి ఇవ్వరు, విడతలుగా ఇస్తారు. పిల్లలు ఉద్యోగంలో నిలిచారని రుజువు చూపిస్తేనే చివరి విడతలు. సంఘం అప్పు కూడా మనం అట్లాగే విడతలు చూసుకుని ఇస్తాం కదా, ఈ పద్ధతి మాకు నచ్చింది. అయినా రుజువు కాగితాల మీదే ఉంటుంది. పిల్ల నిజంగా అక్కడ ఉందా, తింటున్నదా, తిరిగి వచ్చేసిందా అనేది తల్లికి తెలిసినంత కెమెరాకు తెలియదు.

2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ గురించి కూడా ఒక మాట. పద్దెనిమిది చేతివృత్తులకు శిక్షణ, రోజుకు 500 రూపాయల స్టైపెండ్, పనిముట్లకు 15,000 రూపాయలు. మొదటి పరిశీలన మన గ్రామ పంచాయతీలోనే జరుగుతుంది. అయితే కుటుంబానికి ఒక్కరికే అవకాశం. భార్యాభర్తలిద్దరూ కుండలు చేసే ఇంట్లో ఎవరి పేరు రాస్తారు? మన మండలంలో మేం చూసిన దరఖాస్తుల్లో ఎక్కువగా మగవాళ్ళ పేరే ఉంది. మట్టి తొక్కి, సానబెట్టి, ఆరబెట్టి, అంగడికి మోసిన ఆమె మళ్ళీ "ఇంట్లో సాయం" కిందికే పోయింది.

ఈ సంవత్సరం జరిగిన ఒక సంగతి చెప్పాలి. మన సంఘాల్లో ఒక సభ్యురాలి కూతురు, పదో తరగతి పాసైంది, పంతొమ్మిదేళ్ళు. ఊళ్ళోకి వచ్చిన ఒక ఏజెంటు ద్వారా సిటీ దగ్గర బట్టల కంపెనీకి వెళ్ళింది. మూడు నెలలు ట్రైనింగు అన్నారు. ఎనిమిది నెలలైనా ట్రైనీ అనే పిలిచారు. డబ్బులు పీసు లెక్కన ఇచ్చారు. రాత్రి తొమ్మిది దాకా మిషను మీద ఉంచారు. ఒకరోజు సూది వేలి గోరులోంచి దిగి విరిగింది. ఆస్పత్రి ఖర్చు అడిగితే "ట్రైనీలకు ఉండదమ్మా, అప్రెంటిస్ చట్టం" అన్నారట. తల్లి సంఘం మీటింగులో ఈ సంగతి చెప్పి ఏడ్చింది. మన మండల సమాఖ్య అధ్యక్షురాలు, సీసీ, మేం ఇద్దరం కలిసి వెళ్ళాం. "అప్రెంటిస్ అయితే రిజిస్టరైన కాంట్రాక్టు చూపించండి సార్" అన్నాం. లేదు. అప్రెంటిస్ అయితే చట్టం ప్రకారం పీసు రేటు కుదరదు, దెబ్బకు పరిహారం ఇవ్వాలి. అప్రెంటిస్ కాకపోతే ఆ పిల్ల మామూలు పనిమనిషే, ఈఎస్ఐ కట్టాలి. ఎందుకంటే ఈఎస్ఐ నుంచి మినహాయింపు ఉన్నది అప్రెంటిస్ చట్టం కింద చేరినవాళ్ళకే. ఏదో ఒకటి చెప్పమన్నాం. ఆ మేనేజరు చాలాసేపు ఫోన్లు మాట్లాడాడు. చివరికి ఆస్పత్రి డబ్బులు ఇచ్చారు. మిగతా జీతం మీద లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాం, అది ఇంకా నడుస్తున్నది. పిల్ల వేలు మానింది గానీ కొస మొద్దుబారింది, సన్నటి పని పట్టు దొరకడం లేదంటున్నది.

ఆ తర్వాత జరిగిన సమావేశంలో తీర్మానం చేశాం. ప్రతి గ్రామ సంఘం మినిట్స్ పుస్తకం వెనక ఒక పేజీ పెట్టాలి. ట్రైనింగుకు గానీ, అప్రెంటిస్‌గా గానీ వెళ్ళిన పిల్ల పేరు, కంపెనీ ఊరు, తీసుకెళ్ళిన మనిషి ఫోను నంబరు, ఏ పథకం, కాంట్రాక్టు నంబరు, నెలకు ఎంత, ఎప్పుడు తిరిగి వస్తుంది అని గడులు గీయాలి. కాంట్రాక్టు సంగతి అర్థం కాకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐలో అడిగితే చెప్తారు, మేం వెళ్ళినప్పుడు ప్రిన్సిపాల్ గారు కూర్చోబెట్టి పోర్టల్ తెరిచి చూపించారు. కాంట్రాక్టు లేకుండా తీసుకుపోయే ఏజెంటు వస్తే గ్రామ సంఘం ఆఫీసుకు తీసుకురావాలి, ఇంటి అరుగు మీద మాట్లాడి పంపించవద్దు.

ఈ నివేదిక రాసేనాటికి ఆ పేజీల్లో ఇరవై మూడు పేర్లు చేరాయి. కాంట్రాక్టు నంబరు గడి ఏడుగురికి నిండింది. మిగతా పదహారు మంది తల్లులతో వచ్చే నెల పదో తారీఖున సమాఖ్య భవనంలో మాట్లాడుతున్నాం, పిల్లల దగ్గరున్న ఏ కాగితమైనా, ఫోనులో ఫోటో అయినా సరే, తీసుకురావాలని కబురు పెట్టాం.